బుస్సుమనే మందు

కార్చిచ్చు పొగ కెనడాలోని మా సర్రీని కమ్మేసిన రోజుల్లో మా ఫార్మసీకి వచ్చేవాళ్లలో సగంమంది నీలం పఫ్ఫర్ కోసమే వస్తారు. ఆయాసం తగ్గించే సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్ అది. ఇచ్చేముందు ఒకసారి పీల్చి చూపించమంటాను. చాలామంది చేసేది నొక్కడం ముందు, పీల్చడం తర్వాత! మందు నాలుక మీద, గ్యాసు గాల్లో.

ఆ గ్యాసు సంగతే చెప్పాలి. మందును బయటికి తోసే హెచ్‌ఎఫ్‌సీ-134ఏ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లకు పైగా ఘాటైనది. 200 మోతాదుల పఫ్ఫర్ ఒక్కటి బ్రాండును బట్టి 10 నుంచి 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పొడి పీల్చే ఇన్‌హేలర్‌కైతే అది ఒక కిలోకు అటూఇటూ.

గ్యాసుల బెడద పఫ్ఫర్‌తోనే ఆగదు. ఆసుపత్రి కాలుష్యం అనగానే మనకు ప్లాస్టిక్ గ్లవ్స్, కరెంటు బిల్లు గుర్తొస్తాయి. మా బ్రిటిష్ కొలంబియాలో కరెంటు చాలావరకు జలవిద్యుత్తే కాబట్టి దాని భారం తక్కువ. వాంకోవర్ జనరల్ హాస్పిటల్ ఆపరేషన్ థియేటర్ల లెక్క తీసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో సగానికి పైగా భారం మత్తు వాయువులదే. ముఖ్య దోషి డెస్‌ఫ్లూరేన్. అదే అధ్యయనంలో, దాన్ని పెద్దగా వాడని ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రిలో మత్తు వాయువుల కాలుష్యం దాదాపు పదో వంతే. థియేటర్‌లో గ్యాసు మార్చి మత్తు డాక్టరు తేగలిగిన మార్పుకు మా ఫార్మసీ కౌంటర్ దగ్గర ఓ చిన్న తమ్ముడున్నాడు: పఫ్ఫర్ బదులు పొడి ఇన్‌హేలర్.

ఇండియా నుంచి పిల్లల్ని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నల సంచుల్లో రోటాహేలర్ కనిపిస్తుంటుంది. గుళిక పెట్టి, తిప్పి, అందులోని పొడిని గట్టిగా పీల్చే పరికరం. అందులో గ్యాసు లేదు. ఇక్కడికొచ్చాక దాన్ని నామోషీగా దాచి పఫ్ఫర్ అడుగుతారు. "అంకుల్, మీదే నయం" అంటే నమ్మరు. (ఆస్తమాకని హైదరాబాద్ నాంపల్లిలో పంచే చేప ప్రసాదానికీ గ్యాసు అక్కర్లేదు గానీ, దాన్ని మాత్రం నేను సిఫారసు చెయ్యను.)

పొడి ఇన్‌హేలర్ అందరికీ పనికిరాదు. చిన్నపిల్లలకు, ఊపిరి బలం తగ్గినవాళ్లకు పఫ్ఫరే, అదీ దానికి తగిలించే స్పేసర్ గొట్టంతో. భూమి కోసం ఎవరి ఊపిరినీ పణంగా పెట్టనక్కర్లేదు. అయితే నెలనెలా నీలం పఫ్ఫర్ అయిపోతోందంటే ఆస్తమా అదుపులో లేదని అర్థం. ఉత్త సాల్‌బ్యుటమాల్‌తో నెట్టుకురావద్దని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. రోజూ వాడే మందు సరిగా పడితే నీలం పఫ్ఫర్ల అవసరమే తగ్గుతుంది.

మందు మార్చుకునే ముందు డాక్టరును అడగండి. అయిపోయిందనుకున్న పఫ్ఫర్‌లోనూ గ్యాసు మిగిలే ఉంటుంది. చెత్తబుట్టలో వెయ్యకుండా ఫార్మసీకి తెచ్చివ్వండి. డబ్బేమీ అడగం.