నీలం కింద సన్‌బర్స్ట్

1960ల నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్లలో అరుదుగా ఒక రకం దొరుకుతుంది. దూరం నుంచి చూస్తే నీలం గిటార్, అంతే. దగ్గరికి వెళ్లి వాయించేవాడి ముంజేయి ఆనే పై అంచు చూడండి. అక్కడ నీలం అరిగిపోయి ఉంటుంది. దాని కింద చెక్క బయటపడాలి కదా? పడదు. అంచు వెంబడి నల్లటి పట్టీ, దాని లోపలి వైపు ఎరుపు, ఇంకా లోపలికి పసుపు కనిపిస్తాయి. బాగా రాపిడి తిన్న చోట మాత్రమే చెక్క. ఆ నలుపు, ఎరుపు, పసుపు కలిస్తే సన్‌బర్స్ట్. ఫ్యాక్టరీలో అప్పటికే పూర్తయిన ఒక సన్‌బర్స్ట్ గిటార్ మీద నీలం కొట్టి పంపేశారన్నమాట.

ఎందుకలా చేశారంటే, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఉన్న ఆ ఫ్యాక్టరీకి సన్‌బర్స్టే మామూలు రంగు. ప్రత్యేక రంగు కావాలంటే కొనేవాళ్లు 5 శాతం ఎక్కువ చెల్లించాలి. అలాంటి ఆర్డర్ వచ్చినప్పుడు అరలో సిద్ధంగా ఉన్న సన్‌బర్స్ట్ బాడీని తీసి, పైపైన ఎమెరీ పేపర్ పట్టి, కొత్త రంగు కొట్టేవారు. సన్‌బర్స్ట్‌లో ఏదైనా లోపం కనిపిస్తే దాన్ని కప్పడానికీ ఇదే దారి. ఆ పనివాళ్ల దృష్టిలో అది కళాఖండం కాదు, త్వరగా లారీ ఎక్కాల్సిన సరుకు. అరవై ఏళ్ల తర్వాత జనం అద్దాలు పెట్టుకుని ఆ పొరలు లెక్కపెడతారని వాళ్లు అనుకుని ఉండరు.

ఈ పూతలు పుట్టింది సంగీతం కోసం కాదు, కార్ల కోసం. 1920ల దాకా కారుకు వార్నిష్ రంగు వేసి ఆరబెట్టడానికే వారాలు పట్టేది. డ్యూపాంట్ కంపెనీ దూదిని ఆమ్లాలతో కలిపి చేసే నైట్రోసెల్యులోజ్ నుంచి డ్యూకో అనే ల్యాకర్ తయారుచేసింది. జనరల్ మోటార్స్ 1923లో ఓక్‌లాండ్ కారు మీద దాన్ని తీసుకొచ్చాక ఆరే సమయం గంటల్లోకి దిగింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటికి ఫర్నిచర్ చేయించుకున్నవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. మన వడ్రంగులు ఇప్పటికీ డ్యూకో ఫినిష్ అంటారు, రంగు పలచన చేయడానికి ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్, థిన్నర్ తెమ్మంటారు. గిటార్ మీద ఉన్నది ఆ కుటుంబానికి చెందిన పూతే. ఫెండర్ రంగులు కూడా డ్యూపాంట్ కారు రంగుల పట్టిక నుంచి తీసుకున్నవే. లేక్ ప్లాసిడ్ బ్లూ, ఫియెస్టా రెడ్, సోనిక్ బ్లూ అన్నీ ముందు రోడ్డు మీద తిరిగి, తర్వాత వేదిక ఎక్కాయి.

అరుగుదలను చదవాలంటే ముందు పూత ఎలా పేర్చారో తెలియాలి. అది తెలియనివాళ్లకు పాత గిటార్లన్నీ ఒకేలా పాతగా కనిపిస్తాయి. మొదట చెక్క. యాష్ అయితే దాని రంధ్రాలకు ఫిల్లర్ పూసి పూడ్చాలి, ఆల్డర్‌కు ఆ శ్రమ అక్కర్లేదు. తర్వాత సీలర్. 1960ల మొదటి ఏళ్ల నుంచి ఫెండర్ ఇందుకు ఫుల్లర్‌ప్లాస్ట్ అనే గట్టి సీలర్ వాడింది. సన్‌బర్స్ట్ అయితే సీలర్‌కు ముందే చెక్కకు పసుపు పట్టించి, సీలర్ పైన స్ప్రే గన్‌తో ఎరుపు, చివర అంచులకు నలుపు. ప్రత్యేక రంగు అయితే చాలాసార్లు ముందు తెల్లటి అండర్‌కోట్, దాని మీద రంగు. అన్నిటికీ పైన పారదర్శకమైన ల్యాకర్. ఆరాక తడిపిన పేపర్‌తో రుద్ది, బఫింగ్ చక్రం మీద మెరుపు తెస్తారు.

ఇందులో రెండు సంగతులు అరుగుదలను శాసిస్తాయి. నైట్రో ల్యాకర్ రసాయన చర్యతో గట్టిపడదు, థిన్నర్ ఆవిరైపోతే ఆరుతుంది. అందుకే మీద పడిన కొత్త పొర కింది పొరను కాస్త కరిగించి దానిలో కలిసిపోతుంది. నాలుగు పూతలు కొట్టినా చివరికి ఒకే చర్మం. కానీ కింద ఉన్నది ఫుల్లర్‌ప్లాస్ట్ లాంటి రసాయనంతో గట్టిపడిన పొర అయితే పైది దానిలో కలవదు, ఊరికే అంటుకుని కూర్చుంటుంది. మొదటి రకం మెల్లగా అరుగుతుంది. రెండో రకం దెబ్బ తగిలితే పెచ్చులూడుతుంది. ఇక రెండో సంగతి అంచులది. తడి రంగు అంచు దగ్గర నిలవదు, పక్కలకు లాగేసుకుంటుంది. బఫింగ్ చక్రం కూడా అంచునే ఎక్కువ కొరుకుతుంది. కాబట్టి గిటార్ ఫ్యాక్టరీ గడప దాటేసరికే అంచుల మీద పూత పలచన. వాయించేవాడి ముంజేయి ఆనేదీ అక్కడే.

నిజమైన రాపిడికి గుర్తు, పొరలు మెట్లుగా కాక వాలుగా తెరుచుకోవడం. పైన ల్యాకర్ మసకబారుతుంది, దాని లోపల రంగు పలచనవుతుంది, దాని లోపల తెలుపు సన్నటి గీతలా కనిపిస్తుంది, తర్వాత సీలర్ పసుపు ఛాయ, చివర చెక్క. చెక్క బయటపడ్డాక చెమట, మురికి దానిలోకి ఇంకి బూడిద రంగుకు తిప్పుతాయి. 1963లో వచ్చిన క్యాండీ ఆపిల్ రెడ్‌లో ఈ దృశ్యం ఇంకా అందం. దాని కింద వెండి రంగో బంగారు రంగో లోహపు పూత ఉంటుంది, పైన పారదర్శకమైన ఎరుపు. అరిగిన అంచున ఆ లోహం తళుక్కుమంటుంది.

రాపిడి లేకుండానే వచ్చే ముసలితనం కూడా ఉంది. నైట్రోసెల్యులోజ్ వెలుతురుకు పసుపుబారుతుంది. ఒలింపిక్ వైట్ వెన్నరంగుకు వస్తుంది. పసుపుబారిన ల్యాకర్ కింద ఉన్న నీలం ఆకుపచ్చలా కనిపిస్తుంది. పిక్‌గార్డ్ విప్పితే దాని కింద కొన్ననాటి నీలం అలాగే ఉంటుంది. పైన ల్యాకర్ కొట్టకుండానే పంపేసిన నీలం గిటార్లు కొన్ని ఉన్నాయి, అవి ఇప్పటికీ నీలంగానే ఉన్నాయి. 1958లో మూడు రంగుల సన్‌బర్స్ట్ మొదలైనప్పుడు వాడిన ఎరుపు ఎండకు నిలవలేదు, ఎగిరిపోయి మళ్లీ రెండు రంగులే మిగిలాయి. మరో గిటార్ కంపెనీ గిబ్సన్ వాళ్లు 1958 నుంచి 1960 వరకు చేసిన సన్‌బర్స్ట్ లెస్ పాల్ గిటార్లదీ ఇదే కథ. ఎరుపు కోల్పోయి నిమ్మపండు రంగుకూ టీ రంగుకూ మారినవాటిని ఇప్పుడు కోట్లు పోసి కొంటున్నారు. ముందు భాగం బంగారు రంగులో ఉండే పాత గోల్డ్‌టాప్ లెస్ పాల్‌లో ఆ బంగారు రంగు నిజానికి కంచు పొడి. పైన ల్యాకర్ పోయి చెయ్యి నేరుగా తగిలిన చోట అది చిలుమెక్కి ఆకుపచ్చగా మారుతుంది.

నెర్రెల సంగతి వేరు. ల్యాకర్ ఏళ్ల తరబడి కుంచించుకుంటూ, మెత్తదనం ఇచ్చే పదార్థాలను కోల్పోతూ పెళుసవుతుంది. కింద చెక్క ఉబ్బుతుంది, తగ్గుతుంది. చలిలోంచి ఒక్కసారిగా వెచ్చటి గదిలోకి వస్తే పూత తట్టుకోలేక చిట్లుతుంది. ఆ చిట్లు చెరువు మట్టి నెర్రెల్లా అన్ని వైపులకూ విరగవు, చాలాసార్లు చెక్క నారకు అడ్డంగా సన్నటి సమాంతర గీతలుగా పోతాయి. మన కోస్తా ఉక్కలో కంటే మంచు దేశాల్లోనే ఈ బెడద ఎక్కువ. షికాగోలోనో మిన్నెసోటాలోనో ఉండే మనవాళ్లు జనవరిలో పార్సిల్ వచ్చిన పాత గిటార్‌ను వెంటనే తెరవకూడదు. పెట్టెతో సహా గదిలో కొన్ని గంటలు వదిలేసి, వేడి మెల్లగా సర్దుకున్నాక మూత తియ్యాలి. ఆత్రం ఆపుకోలేని ఒక్క నిమిషం చాలు, గిటార్ ముందు భాగం మీద కొత్త గీతలు పడడానికి.

బేస్ గిటార్ వేరే పద్ధతిలో అరుగుతుంది, దీని గురించి రాసేవాళ్లు తక్కువ. 1951లో వచ్చిన ప్రెసిషన్ బేస్‌కూ 1960లో వచ్చిన జాజ్ బేస్‌కూ పికప్ మీద ఒకటి, బ్రిడ్జ్ మీద ఒకటి క్రోమ్ మూతలు బిగించి అమ్మేవారు. చాలామంది వాటిని పీకేశారు. అందుకే పాత బేస్‌ల మీద స్క్రూ రంధ్రాలూ, చుట్టూ ఉన్న రంగు కంటే ముదురుగా మిగిలిన మచ్చా కనిపిస్తాయి. ఆ మూతలు ఎంతకాలం ఉన్నాయో ఆ మచ్చ చెబుతుంది. అమెరికాలోని మోటౌన్ కంపెనీ రికార్డింగులలో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ వాటిని తియ్యలేదు. బ్రిడ్జ్ మూత కింది స్పాంజి తీగల మోతను అణచడం ఆయన నాదంలో భాగం. చూపుడు వేలు ఒక్కదానితోనే మీటిన ఆయన బేస్ మీదా, పిక్‌తో గీరే వాళ్ల బేస్ మీదా గుర్తులు ఒకేలా ఎలా ఉంటాయి?

మేపుల్ ఫ్రెట్‌బోర్డ్ ఇంకా సూటిగా మాట్లాడుతుంది. దాని మీద కూడా ల్యాకర్ కొడతారు కాబట్టి, వేళ్లు ఎక్కువగా నొక్కిన గళ్లలో పూత పోయి చెక్క నల్లబడుతుంది. ఆ మరకలు చూస్తే వాయించినవాడు మొదటి మూడు ఫ్రెట్ల కార్డులతోనే బతికాడో, పైకి ఎగబాకాడో తెలిసిపోతుంది.

అరుగుదల అనగానే అందరి నోటా వచ్చే పేరు ఐర్లాండ్ గిటారిస్ట్ రోరీ గాలగర్. ఆయన గిటార్ ఐర్లాండ్‌లోని కార్క్‌లో 1963లో కొన్న 1961 నాటి స్ట్రాటోకాస్టర్. ఒకసారి డబ్లిన్‌లో దొంగలు ఎత్తుకుపోతే తర్వాత కాలవలో దొరికింది. ఏళ్ల తరబడి చెమట తాగి, సన్‌బర్స్ట్ చాలావరకు రాలిపోయి వట్టి చెక్క మిగిలింది. 2024లో లండన్ వేలంలో అమ్ముడై, ఐర్లాండ్ జాతీయ మ్యూజియానికి చేరింది. పొరల విషయానికొస్తే నాకు అంతకంటే ఇష్టం రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలన్ సొంతంగా చేసుకున్న గిటార్. నలుపు, దాని మీద టేపు, తెలుపు. 1979లో మళ్లీ టేపు, ఈసారి సైకిల్ ఎరుపు. అందులో నైపుణ్యం కంటే మొండితనమే ఎక్కువ, అయినా ఏ రంగు ఏ దశలో పడిందో ఇప్పటికీ చెప్పవచ్చు.

1960ల చివరికి ఫెండర్ మందపాటి పాలియెస్టర్‌కు మారింది. అది రసాయనంతో గడ్డకట్టే ప్లాస్టిక్. అంత సులభంగా అరగదు, దెబ్బ తగిలితే గాజులా ముక్క లేస్తుంది. నైట్రో పూతలో చెక్క ఊపిరి పీలుస్తుందని, అందుకే నాదం బాగుంటుందని వినిపించే మాటను నేను పెద్దగా నమ్మను. ఎలక్ట్రిక్ గిటార్‌లో నాదానికి తీగలూ పికప్పులూ చేసే పని ముందు పూత చేసేది స్వల్పం. నైట్రో విలువ వేరే చోట ఉంది. అది మనిషి ముద్రను స్వీకరిస్తుంది, పాలియెస్టర్ తోసిపుచ్చుతుంది. పాత గిటార్‌కు కొత్త రంగు వేయిస్తే ధర దాదాపు సగానికి పడిపోతుందని వ్యాపారులు లెక్క కట్టేది ఇందుకే. కొనేముందు నల్ల లైటు, అంటే అతినీలలోహిత దీపం, కింద పెట్టి చూస్తారు. పాత నైట్రో పచ్చగా మెరుస్తుంది, తర్వాత వేసిన రంగు వేరేగా బయటపడుతుంది.

1995 నుంచి ఫెండర్ కస్టమ్ షాప్ కొత్త గిటార్లను పాతబరిచి రెలిక్ పేరుతో అమ్ముతోంది. సన్‌బర్స్ట్ మీద వేరే రంగు కొట్టి, రెండూ కనిపించేలా అరగదీసినవి వాటిలో ఖరీదైన రకం. దాన్ని మోసం అనను, నాటకంలో ముసలి వేషానికి మేకప్ వేయడమూ ఒక విద్యే. కానీ ఇలా పాతబరిచేవాళ్లలో చాలామంది అంచు పొడవునా ఒకే వెడల్పు నలుపు చూపిస్తారు, చెక్క దగ్గర మురికి ఉండదు, బెల్టు బకిల్ ఎన్నడూ తగలని చోట బకిల్ గీతలు ఉంటాయి. పని తెలిసినవాళ్లు ముందు గిటార్‌ను భుజాన వేసుకుని, ముంజేయి ఎక్కడ ఆనుతోందో చూసుకుని, అప్పుడు పేపర్ పట్టుకుంటారు. వాళ్లు చేసిన దాన్ని అసలు నుంచి వేరు చేయడానికి నల్ల లైటూ, ఓపికా రెండూ కావాలి.

నైట్రో గిటార్ ఇంట్లో ఉన్నవాళ్లు స్టాండు రబ్బరును మాత్రం గమనించుకోవాలి. కొన్ని రకాల రబ్బరు, వినైల్‌లోని నూనెలు ల్యాకర్‌లోకి దిగి దాన్ని జిగటగా కరిగించేస్తాయి. మెడ వెనక పడే ఆ మచ్చ వాయించినందుకు వచ్చిన అరుగుదల కాదు, వాయించకుండా నిలబెట్టినందుకు వచ్చింది. స్టాండుకు నూలు గుడ్డ చుడితే సరిపోతుంది.