మూడో పేరు ఖాళీగా ఉందట

ఈ వారం ఒంగోలు వైపు నుంచి ఓ కుర్ర లెక్చరర్ మెసేజ్ పెట్టాడు. కాంక్రీట్‌లో ఫ్లైయాష్ కలపడం మీద పేపర్ ఒకటి సిద్ధంగా ఉందట. రచయితల్లో మూడో పేరు ఖాళీగా ఉందట. "డబ్బు కడితే స్కోపస్ లిస్టులోని జర్నల్‌లో వస్తుందంటున్నారు, తీసుకోమంటారా అన్నా?" ఒళ్లు మండిపోయింది.

కాంక్రీట్ బలం తేల్చే క్యూబుల సంగతొస్తే నేనాగనని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఇక్కడ ఖతార్‌లోని అల్ వక్రాలో ఎండాకాలం కాంక్రీట్ రాత్రిళ్లు పోస్తాం, నీళ్లకు ఐసు కలుపుతాం. తీరం నేలలోని ఉప్పు ఇనుమును తినేస్తుంది. అందుకే పోసినప్పుడల్లా 150 మి.మీ. క్యూబులు తీసి, నీళ్లలో నానబెట్టి, 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని మిషన్‌లో పగలగొడతాం. ఒకే బ్యాచ్‌లో మూడు తీస్తే మూడు వేర్వేరు అంకెలొస్తాయి. దొంగలెక్క రాసినవాడి పట్టికలో అంకెలు ఎక్కడా చెదరవు. ఆ పట్టిక నమ్మి రేపెవరో శ్లాబులో సిమెంట్ తగ్గిస్తారు. ఆ శ్లాబు కింద ఓ కుటుంబం పడుకుంటుంది.

ఈ దొంగ పేపర్లు మనకు దూరపు జబ్బు కాదు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఒకరు 2004-07 మధ్య వేసిన 70కి పైగా పేపర్లు కాపీలో కల్పితాలో అని 2008లో ప్రపంచమంతా చదివింది. హైదరాబాద్‌లో జర్నళ్లు వేసే ఓమిక్స్ సంస్థ నిపుణుల పరిశీలన ఉందని నమ్మించి, ఫీజు దాచి పరిశోధకులను మోసం చేసిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

మరి శిక్షలు పెంచాలా? 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటకపోతే శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కానీ కొత్తగా కల్పించిన అంకెలకు పోలికెక్కడ? కాపీ కొట్టేవాళ్లూ సాఫ్ట్‌వేర్‌తో మాటలు మార్చేస్తున్నారు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అయిన పేపర్లను 2021లో పరిశోధకుడు గియోమ్ కబనాక్ బృందం బయటపెట్టింది.

ఆలోచించేకొద్దీ ఆ కుర్రాడి మీద కోపం చల్లారింది. అతని ల్యాబ్‌లో పనిచేసే మిషన్ లేదు, పొద్దస్తమానం క్లాసులు, అయినా ఏటా పేపర్ చూపించాలి. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే ముందు జర్నల్ పేపర్ ఉండాలన్న నిబంధనను యూజీసీ 2022లో ఎత్తేసింది. పాఠం చెప్పే లెక్చరర్లకూ ఆ బరువు దించాలి. రాయాలనుకున్నవాళ్లే రాస్తారు. పదోన్నతి ఇంటర్వ్యూలో వాళ్లను ఎన్ని పేపర్లని అడగొద్దు. టెస్టు రిజిస్టర్ తెమ్మని, 28వ రోజు పగిలిన మూడు క్యూబుల లెక్క చూపించమనాలి.