ఆరుగురు వాయించిన సినిమా పాట

వినాయక చవితికో శ్రీరామనవమికో పందిట్లో ఆర్కెస్ట్రా ఉందని మైకులో చెప్తే చాలు, పొద్దు వాలకముందే చాపలు పరిచి చోటు పట్టుకునేవారు. కోస్తా ఊళ్లలో యాభై దాటినవాళ్లని కదిపితే ఫలానా పాట మొదట ఎక్కడ విన్నారో చెప్తారు. సినిమా హాలు కన్నా ముందు పందిరే గుర్తుకొచ్చేవాళ్లూ తగులుతారు.

సినిమా పాటలో వయొలిన్లే గుంపుగా ఉంటాయి. పందిట్లో ఉండేది అందరూ కలిసి ఆరేడుగురు. అందుకే ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో తెలియడమే వీళ్ల విద్య.

నొటేషన్ ఇచ్చేవాళ్లెవరూ లేరు. క్యాసెట్‌ని వెనక్కి తిప్పి తిప్పి, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్లు చెవితో పట్టి, నోటు పుస్తకంలో స్వరాలు రాసుకునేవారు. జనం గుర్తుపట్టేది ఆ బిట్టునే. ఎత్తుగడలో వేణువు నాలుగు స్వరాలు పలికితే గాయకుడు నోరు తెరవకముందే ఈలలు పడేవి. కీబోర్డ్ కళాకారుడి ఎడమ చెయ్యి వయొలిన్ల తాలూకు కార్డులు పట్టి ఉంచుతుంది. కుడి చెయ్యి ఇప్పుడు వేణువు, మరుక్షణం వీణ. చరణం చివర దొరికే అరక్షణంలో మీట నొక్కి శబ్దం మార్చుకోవాలి. తప్పు మీట పడితే వీణ పలకాల్సిన చోట షెహనాయి మోగుతుంది, ముందు వరస పిల్లలు విరగబడి నవ్వుతారు.

ఒకప్పుడు అకార్డియన్, బాంగోలు, కాంగోలు ఉండేవి. రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన ఆక్టోప్యాడ్ ఇక్కడికి చేరాక, ఎనిమిది రబ్బరు పలకల మీద రెండు పుల్లలతో డోలక్కూ తబలా డ్రమ్సూ ఒక్కడే వాయించేయడం మొదలైంది. సౌకర్యమే గానీ, తోలు మీద అరచేయి పడినప్పటి నాదం అందులో రాదు.

ఈ వేదికల్ని చిన్నచూపు చూసేవాళ్లు మద్రాసు సంగతి మరిచిపోతారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కచేరీ బృందంలో అప్పట్లో వాయించినవాళ్లలో ఇళయరాజా, ఆయన అన్న భాస్కర్, తమ్ముడు గంగై అమరన్ ఉన్నారు. ఇళయరాజా మొదటి సినిమా ‘అన్నకిళి’ వచ్చింది 1976లో. అంతకుముందే ఏ మలుపు దగ్గర జనం కదులుతారో కళ్లారా చూసిన అనుభవం ఆయనది.

జనం చీటీలు పంపేవారు. పాట పేరు, కింద ఫలానా వీధి కుర్రాళ్లు అని సంతకం, ఒక్కోసారి మడతలో పది రూపాయల నోటు. ‘ఒన్స్‌మోర్’ అంటే మళ్లీ పల్లవి దగ్గరికి వచ్చేవారు. గాయని గొంతు బొంగురుపోతే అర శ్రుతి దించేవారు. కరెంటు పోతే డోలక్ ఆగేది కాదు, జనరేటర్ అందుకునేదాకా జనమే పాడేవారు.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలతో, ప్రత్యేక అనుమతి ఉన్న రోజులు తప్పిస్తే రాత్రి పదికి మైకు కట్టేయాలి. తెల్లవార్లూ సాగే కచేరీలకి అది దెబ్బే. అంతకన్నా పెద్ద దెబ్బ కరోకే కొట్టింది. హైదరాబాద్ చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ లాంటి చోట్ల ఇప్పుడు ఎవరి ట్రాకు వాళ్లు తెచ్చుకుని పాడుతున్నారు. వయొలిన్లన్నీ వినిపిస్తాయి, బిట్టు పొల్లుపోదు. అయితే పాడేవాడు ఒక్క మాత్ర ఆలస్యమైనా ట్రాకు వాడి కోసం ఆగదు. ఆర్కెస్ట్రాలో అయితే డోలక్ కళాకారుడు ఓరకంట చూసి ఇంకో ఆవర్తం తిప్పేవాడు.

పందిళ్లు తగ్గాయి గానీ కీబోర్డులు అటకెక్కలేదు. పెళ్లి రిసెప్షన్లలో అయిదారుగురు బృందంగా ఇంకా వాయిస్తున్నారు. చీటీలకి బదులు వాట్సాప్‌లో పాట పేరు వస్తుంది. అది గాయకుడికి రాని పాటైతే, అడిగినవాళ్లనే వేదిక మీదికి పిలిచి మైకిస్తారు.