“శకునము చూచుట”: ఒక హెబ్రీ క్రియ, దాని తెలుగు అనువాదము

ఆదికాండము 30:27లోను 44:5లోను కనబడు “నిహేష్” అను హెబ్రీ క్రియను మన తెలుగు బైబిలు “శకునము చూచుట” అని అనువదించినది. సంస్కృతములో శకునమనగా పక్షి. సెప్టువజింతు అనువాదకులు ఇక్కడ వాడిన గ్రీకు క్రియయు పక్షి పేరునుండి పుట్టినదే. హెబ్రీ మాటలో మాత్రము పక్షి లేదు. యోసేపు కథలో ఉన్నది వెండి గిన్నె.

1 రాజులు 20:33 చూడుడి. అహాబు నోట “సహోదరుడు” అను మాట వెలువడునో లేదో అని బెన్హదదు సేవకులు కనిపెట్టి, అది రాగానే పట్టుకొనిరి. అక్కడను ఇదే క్రియ. పక్షి లేదు, గిన్నె లేదు, మంత్రము లేదు. కంటికో చెవికో తగిలిన గురుతునుబట్టి రాబోవుదానిని ఊహించుటయే దీని మూలభావమని మేము తలంచుచున్నాము. అట్లని లాబాను కేవలము అనుభవమువలన తెలిసికొనెనని మెత్తపరచు వ్యాఖ్యానము మాకు సమ్మతము కాదు. అతడు గృహదేవతలను ఉంచుకొనినవాడు (31:30). హల్లులు ఒకటేయని ఈ క్రియనుండి సర్పమునకు, సర్పమునుండి సాతానుకు దుముకు ప్రసంగములు ఇంకను బలహీనము.

ద్వితీయోపదేశకాండము 18:10 నిషేధించినది ఈ క్రియనే. శకునమనగానే మన సంఘస్థులకు బల్లి, పిల్లి, తుమ్ము జ్ఞాపకము వచ్చును. వాటిని మానితిమి గనుక ఆజ్ఞ నెరవేరినదనుకొందురు. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డు తీసి, దానినిబట్టి యేడాది ఫలమును లెక్కించు అలవాటు ఈ పదము క్రిందికి వచ్చునా అని అడుగు కాపరులు అరుదు. వచ్చునని మా అభిప్రాయము.