చిన్న ఇంటి కప్పును మరచిన సంహిత

ఎకో నివాస్ సంహిత, ప్రథమ భాగము, 2018. ప్రకటించినవారు: కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖకు చెందిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ.

వేసవి రాత్రి పది గంటలు దాటినను కాంక్రీటు కప్పు క్రింద పడుకొన్నవారికి నిద్ర పట్టదు. బయట గాలి చల్లబడును, గది చల్లబడదు. పగలంతయు ఎండలో కాగిన కప్పు ఆ వేడిని కొన్ని గంటలు ఆలస్యముగా లోపలికి విడుచుచుండుటయే దీనికి కారణము. ఫ్యాను వేసినచో ఆ వేడిగాలియే మీదికి వచ్చును. చివరకు ఇంటివారు ఏ.సి. కొందురు, పిమ్మట నెలనెలకు కరెంటు బిల్లు చెల్లింతురు. ఆ బిల్లులో కొంత భాగము ఇల్లు కట్టిన నాడే నిర్ణయమైనదని గ్రహించువారు తక్కువ. ఆ సంగతిని గ్రహించి, కట్టడమునందే వేడిని అడ్డుకొనుటకు నియమములను కూర్చిన గ్రంథము ఎకో నివాస్ సంహిత.

2001వ సంవత్సరపు ఇంధన పొదుపు చట్టమును ఆధారముగా చేసికొని ఈ ప్రథమ భాగము 2018 డిసెంబరులో వెలువడెను. ఇది ఇంటిలోని యంత్రములను గూర్చి కాక, గోడలు, కిటికీలు, కప్పు అను ఇంటి పైతొడుగును గూర్చి చెప్పును. లైట్లు, లిఫ్టులు మొదలగు వాటికి సంబంధించిన నియమములు 2021లో వచ్చిన ద్వితీయ భాగమున కలవు. ఈ విమర్శ ప్రథమ భాగమునకే పరిమితము.

ముందుగా గ్రంథము యొక్క గుణములను చెప్పుట న్యాయము. దేశమునందలి శీతోష్ణస్థితులను ఐదు మండలములుగా విభజించి, ఏ మండలమునకు తగిన నియమమును ఆ మండలమునకు విధించినది. తెరుచుకొను కిటికీల వైశాల్యము నేల వైశాల్యములో ఇంత పాలు ఉండవలెనను నియమమే ఇందుకు ఉదాహరణము. తేమ, వేడి రెండును గల విశాఖపట్టణము వంటి తావులలో ఇది 16.66 శాతము, మిశ్రమ మండలమునకు చెందిన హైదరాబాదులో 12.5 శాతము. తేమగాలిలో చెమట ఆరవలెనన్నచో గాలి కదలిక ఎక్కువ కావలెను గదా! ఇందులో మరియొక మెలకువ కలదు. లెక్కకు వచ్చునది కిటికీ పరిమాణము కాదు, నిజముగా తెరుచుకొను భాగము. నేడు ఎక్కడ చూచినను కనబడు రెండు పలకల స్లైడింగు కిటికీ సగమే తెరుచుకొనును; రెక్కల కిటికీ దాదాపు పూర్తిగా తెరుచుకొనును. చూపునకు పెద్దదైన కిటికీ గాలికి చిన్నది కావచ్చునని ఈ నియమము బోధించుచున్నది.

ఇక కప్పు. కప్పునకు యు-విలువ 1.2 మించరాదని సంహిత శాసించినది. ఒక చదరపు మీటరు కప్పునకు ఇరువైపుల 1 డిగ్రీ సెల్సియస్ భేదమున్నప్పుడు దాని గుండా ఎన్ని వాట్ల వేడి ప్రసరించునో తెలుపు సంఖ్యయే యు-విలువ. ఈ హద్దు ఎట్టిదో తెలిసికొనుటకు ఉన్నత పాఠశాల లెక్కలు చాలును.

15 సెంటీమీటర్ల కాంక్రీటు కప్పును తీసికొందము. కాంక్రీటు ఉష్ణవాహకత్వము సుమారు 1.58. మందమును వాహకత్వముచే భాగించినచో, అనగా 0.15ను 1.58చే భాగించినచో, కప్పు నిరోధము 0.095 వచ్చును. కప్పు లోపలి, వెలుపలి తలములను అంటియుండు గాలిపొరల నిరోధము 0.21. మొత్తము 0.305. దీని వ్యుత్క్రమము దాదాపు 3.3. అనగా మన ఇండ్లపై సామాన్యముగా ఉండు కప్పు సంహిత హద్దునకు రెండున్నర రెట్లకు మించి వేడిని లోనికి పంపుచున్నది!

ఇప్పుడు దానిపై 2 సెంటీమీటర్ల మందముగల థర్మోకోల్ జాతి పలకలను పరచితిమనుకొందము. వాటి వాహకత్వము సుమారు 0.035 కనుక నిరోధము 0.57 పెరుగును. మొత్తము 0.875 అగును, యు-విలువ 1.14కు దిగును. 15 సెంటీమీటర్ల కాంక్రీటు చేయలేని పనిని 2 సెంటీమీటర్ల తేలిక పలక చేసినది. గట్టిరకపు పలకలను ఎన్నుకొని, నీరు దిగకుండ కాపాడి, పైన టైల్సు పరచవలెనన్నది వేరు మాట.

60 చదరపు మీటర్ల కప్పునకు పైన, క్రింద 10 డిగ్రీల భేదమున్నదనుకొన్నచో, మొదటి కప్పు గుండా 1,980 వాట్లు, రెండవ దాని గుండా 684 వాట్లు లోపలికి వచ్చును. తేడా సుమారు 1,300 వాట్లు. ఒక వాటు విద్యుత్తుతో మూడు వాట్ల వేడిని బయటికి తోడు ఏ.సి. ఉన్నదనుకొన్నను, ఈ తేడాను తోడుటకే 430 వాట్లు కావలెను. ఎనిమిది గంటలకు దాదాపు మూడున్నర యూనిట్లు. నిజముగా భేదము గంటగంటకు మారుచుండును. అయినను తీరు తెలియుటకు ఈ లెక్క చాలును. యూనిటు ధరను పాఠకులు తమ బిల్లు నుండియే తీసికొని గుణింపవచ్చును.

ఇంత చక్కని నియమము ఎవరికి వర్తించును? ఇచటనే మా అభ్యంతరము. 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలములలోని నివాస భవనములకే సంహిత వర్తించును. అదియును రాష్ట్రములు తమ నియమావళిలో చేర్చుకొన్న పిమ్మట. 500 చదరపు మీటర్లనగా మన లెక్కలో సుమారు 600 గజములు. నూరు, నూటయేబది, రెండువందల గజములలో ఇల్లు కట్టుకొను ఉపాధ్యాయుడు, గుమాస్తా, చిన్న వ్యాపారి ఈ గీతకు ఇవతలనే ఉండిపోయిరి.

ఈ గీత విజ్ఞానమునకు ఎదురీదుచున్నది. 600 గజములు దాటిన స్థలములలో వచ్చునవి ఎక్కువగా అంతస్తుల భవనములు. ఐదంతస్తుల భవనములో ఎండ కాయు కప్పు క్రింద నివసించునది పై అంతస్తువారే. తక్కిన నాలుగంతస్తులవారికి కప్పు పైయింటివారి నేల. ఒంటి అంతస్తు చిన్న ఇంటిలోనో, ప్రతి గదికిని నెత్తిమీద ఎండయే. కప్పు నియమము ఎవరికి అన్నిటికంటె అవసరమో వారినే సంహిత వదలివేసినది.

తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానమును ప్రక్కన పెట్టి చూడుడు. యు-విలువ లెక్కలో కప్పు రంగు చేరదు. తెల్లని కప్పు ఎండను తిరుగగొట్టి అసలు వేడెక్కకుండుటకు తోడ్పడును. ఆ లోటును ఈ విధానము పూరించినది. కాని ఇదియును సొంత ఇండ్లలో 600 గజములు, అంతకు మించిన స్థలములవారికే నిర్బంధము, చిన్నవారికి ఐచ్ఛికము. రెండు గ్రంథములును ఒకే తావున గీత గీచుట గమనింపదగినది.

పాలకుల పక్షమున ఒక సమాధానము కలదు. గోడలు, కిటికీలు కలిపి చదరపు మీటరునకు 15 వాట్లు మించరాదను మరియొక నియమమునకు సూత్రములు, గుణకములు, దిక్కుల లెక్కలు కావలెను. మేస్త్రీతో కట్టించుకొను చిన్న గృహస్థునిపై ఆ భారము మోపరాదు. ఇది నిజమే. కాని ఆ లెక్కలో కప్పు చేరనే చేరదు. కప్పు నియమము వేరుగా, ఒకే సంఖ్యగా ఉన్నది. దానిని ఒక వాక్యముగా మార్చవచ్చును: కప్పుపై ఇంత మందము పలక, దానిపై తెల్లని తలము. ఈ వాక్యమునకు ఇంజనీరు అక్కరలేదు.

సంహిత యొక్క రెండవ లోపము భాష. ఇది ఇంజనీర్లకు ఇంజనీర్లు వ్రాసిన పుస్తకము. ఇంగ్లండులో 1917లో జన్మించి, కేరళలో స్థిరపడి, 2007లో తిరువనంతపురమున కన్నుమూసిన వాస్తుశిల్పి లారీ బేకర్ గృహనిర్మాణ వ్యయమును తగ్గించుటపై వ్రాసిన చిన్న పుస్తకములను దీనితో పోల్చి చూడవలెను. అందు చేతి బొమ్మలే పాఠము. ఇటుకలను నిలువుగా అంచుపై పేర్చి నడుమ ఖాళీ విడుచు ర్యాట్ ట్రాప్ కట్టుబడిని బొమ్మలో చూచిన మేస్త్రీ మరునాడే కట్టగలడు. ఇటుకలు నాల్గవ వంతు మిగులును. నడుమ నిలిచిన గాలి వేడికి అడ్డు నిలుచును. బేకర్ వద్ద సంహితలోని సంఖ్యలు లేవు. సంహిత వద్ద బేకర్ బొమ్మలు లేవు. మనకు కావలసినది ఈ రెండును కలిసిన తెలుగు పుస్తకము.

అది వచ్చువరకు ఊరకుండ పనిలేదు. ఇప్పటికే కట్టిన ఇంటివారు మొదట కప్పుపై సున్నమో, తెల్లని పూతయో వేయవలెను. అది ఖర్చు తక్కువ పని. పడమటి కిటికీకి వెలుపల నీడ కల్పించుట రెండవది. కప్పు మరమ్మతు ఎట్లును చేయించు నాడు పలకలు పరచుట మూడవది. వీటి తరువాతనే ఏ.సి. మాట.

విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు ఒక మనవి. వేసవి సెలవులకు ముందు విద్యార్థులచే తమ తమ ఇండ్ల కిటికీలలో తెరుచుకొను భాగమును కొలిపించి, నేల వైశాల్యముతో పోల్పించుడు. మిట్టమధ్యాహ్నమున, రాత్రి తొమ్మిది గంటలకు గదిలోని ఉష్ణోగ్రతను వ్రాయించుడు. ఎండకు గజముల లెక్క తెలియదు. ఆ సంగతి సంహిత మరచినను, ఆ కొలతలు తీసికొన్న పిల్లవాడు రేపు తన ఇల్లు కట్టుకొను నాడు మరువడు.