చల్లని ప్లాస్మా – పొగకు వైద్యమా?

కొల్లేటి చుట్టుపట్ల చేపల చెరువులలో కరెంటు పోయినచో ఏరేటర్లు ఆగును. నీటిలో ప్రాణవాయువు తరిగి తెల్లవారుసరికి చేపలు తేలిపోవును. అందుచే గట్టుమీద డీజిల్ జనరేటరు ఉంచుకొందురు. దాని పొగలో నైట్రిక్ ఆక్సైడు కలదు. ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా పోవు లారీల పొగలోను ఇదియే కలదు. చల్లని ప్లాస్మా ఈ వాయువును హరించునని విజ్ఞాన రచనలలో తరచు కనబడును. ఈ మాటను పరీక్షింపవలసియున్నది.

రెండు లోహపు ధ్రువముల మధ్య పొగను పంపి వేల వోల్టుల విద్యుత్తు ప్రయోగించినచో ఎలక్ట్రానులు మాత్రమే అమిత వేగము పొందును. వాయువు చల్లగనే యుండును. ఎలక్ట్రానులు నత్రజని అణువును చీల్చగా వెడలిన పరమాణువు నైట్రిక్ ఆక్సైడుతో కలిసి దానిని మరల నత్రజనిగా మార్చును. ప్రయోగశాలలో కేవల నత్రజనిలో కలిపిన నైట్రిక్ ఆక్సైడు విషయమున ఇది నిజమే.

కాని డీజిల్ పొగలో ఆమ్లజని కూడ సుమారు నూటికి 10 వంతులు ఉండును. నత్రజని అణువును చీల్చుటకు 9.8 ఎలక్ట్రాన్ వోల్టులు కావలెను, ఆమ్లజనికి 5.2 చాలును. కావున ముందు చీలునది ఆమ్లజనియే. అప్పుడు నైట్రిక్ ఆక్సైడు నశింపదు. నత్రజని డయాక్సైడుగా మారును. ఇది మరింత విషవాయువు. "నూటికి 80 వంతులు తొలగినది" అన్నచో, తొలగినది నైట్రిక్ ఆక్సైడు మాత్రమేనా, రెండింటి మొత్తమా అని అడుగవలెను. చెరువు గట్టున పాకలో పరుండు కాపలావానికి ఈ భేదమే ముఖ్యము.

ఖర్చును చూతము. పొగలో పదిలక్షలకు 500 వంతుల నైట్రిక్ ఆక్సైడు ఉండి, ఒక్కొక్క అణువునకు 30 ఎలక్ట్రాన్ వోల్టులు వ్యయమగుననుకొన్నచో, ఘనమీటరు పొగకు సుమారు 65 కిలోజౌళ్లు కావలెను. గంటకు 100 ఘనమీటర్ల పొగ విడుచు ఇంజనుకు ఇది 1.8 కిలోవాట్లు. ఆ విద్యుత్తును కూడ ఆ జనరేటరే ఇయ్యవలెను. అనగా మరికొంత డీజిల్ మండవలెను.

అట్లని ఈ పద్ధతి నిరర్థకము కాదు. నైట్రిక్ ఆక్సైడు, నత్రజని డయాక్సైడు సమపాళ్లలో ఉన్నప్పుడు, యూరియా నుండి పుట్టిన అమోనియా ఉత్ప్రేరకముపై వాటిని శీఘ్రముగా నత్రజనిగా, నీటిగా మార్చును. పొగ అంతగా వేడెక్కకున్నను ఈ చర్య సాగుట విశేషము. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ప్లాస్మా వెంట అల్యూమినియం పరిశ్రమ వ్యర్థమైన ఎర్ర మడ్డిని చేర్చియు పరీక్షించిరి. ప్లాస్మా తోడుగా పనికివచ్చును. ఒంటరిగా వైద్యము చేయజాలదు. దీనిని పాఠముగా చెప్పునప్పుడు "హరించును" అనుటకు మారుగా "మార్చును" అని చెప్పి, దేనిగా మార్చునో కూడ చెప్పుట ఉచితము.