గోరంత బంగారం మీద గండభేరుండం

అచ్యుతదేవరాయలు (1529–42) వేయించిన వరహా బొటనవేలి గోరంత కూడా ఉండదు. బరువు సుమారు 3.4 గ్రాములు. ఆ కాస్త చోటులోనే రెండు తలల గండభేరుండం రెక్కలు విప్పింది. రెండు ముక్కులా రెండు ఏనుగులు, రెండు పంజాలా మరో రెండు. కమ్మటంలో పనివాడు దీన్నంతా అచ్చు మీద తిరగేసి, లోతుకు చెక్కాలి; దెబ్బ పడ్డాకే బొమ్మ పైకి తేలుతుంది. చెయ్యి వెంట్రుకవాసి తప్పినా ఏనుగు ఉత్త గీత అయిపోతుంది. వెనకవైపు నాగరిలో మూడు వరుసల్లో రాజు పేరుంది. నాకు మాత్రం ఆ అక్షరాల కంటే పక్షే గట్టిగా మాట్లాడుతుంది: ఏనుగుల బలమున్న శత్రువైనా ఈ రాజు పట్టులో ఇంతేనని.

1565 యుద్ధంలో విజయనగరం కూలాక తిరుమలరాయలు పెనుకొండ చేరి, అక్కణ్ణుంచే ఏలాడు. ఆయన రాగి నాణేల మీద విజయనగరపు రాజలాంఛనమైన వరాహం, దాని ఎదుట నిలువుగా కత్తి, పైన సూర్యచంద్రులు. రాజధాని పోయింది, బంగారం తగ్గింది, లాంఛనం మారలేదు. నీట మునిగిన భూమిని కోరతో ఎత్తిన దేవుడి గుర్తును ఓడిన రాజ్యం వదలకపోవడంలో ఎంత పట్టుదల ఉందో చూడండి.

ఇలాంటి గుర్తు ఎవరి సొత్తన్నది అన్నిచోట్లా ఒకటి కాదు. స్కాట్లండులో వంశచిహ్నం నిజానికి వంశానిది కాదు, ఒక మనిషిది. 1672 నుంచి దాన్ని లార్డ్ లయన్ అనే అధికారి దగ్గరి పుస్తకంలో నమోదు చెయ్యాలి. మన వరాహం అలా ఒకరి సొత్తుగా ఉండిపోలేదు. చాళుక్యుల ముద్రల మీద ఉంది, కాకతీయులకూ ఉంది, విజయనగరానికీ వచ్చింది.

సూర్యచంద్రులైతే రాజులనూ దాటి ఊళ్ళలోకి వచ్చారు. అనంతపురం సీమలో చెరువు తవ్వించినవాడికో, దాన్ని బాగుచేసేవాడికో దశబంధం ఇనాముగా భూమి ఇచ్చేవారు. దానశాసనం రాతి తల మీద ఆ ఇద్దరినీ చెక్కితే, ఆచంద్రార్కం ఈ మాట నిలుస్తుందని అర్థం. వానే నమ్మకం లేని నేల మీద అంత నమ్మకంగా చెప్పిన మాట అది. చదువు రాని రైతుకూ అది అర్థమయ్యేది.

మీ ఊరి చెరువుకట్ట మీద అలాంటి రాయి ఉంటే దానికి సున్నం కొట్టనివ్వకండి, బట్టలుతికే బండగా మారనివ్వకండి.